నగరం మధ్య వాగులో చేప బతకగలదా: వాగు ఆరోగ్యాన్ని అంచనా వేసే సమగ్ర మార్గదర్శి

మధ్యాహ్నం మూడు గంటలకు వాగులో ఆక్సిజన్ మీటరు ముంచాను. లీటరుకు 9 మిల్లీగ్రాములు చూపించింది. నీళ్లు తేటగా ఉన్నాయి, రాళ్ల మీద పచ్చటి నాచు ఎండకు మెరుస్తోంది. వాగు బాగానే ఉందని రాసుకున్నాను. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి అదే రాయి పక్కన మళ్లీ ముంచితే అంకె 3 దాటలేదు. వేలెడంత చేపలన్నీ పైకొచ్చి, నీటి పైపొర దగ్గర నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని పీల్చేసింది.

చేపకు సగటు లెక్కలతో పనిలేదు. నెలలో 29 రోజులు నీళ్లు బాగుండి ఒక్క రాత్రి ఊపిరాడకపోతే, ఆ ఒక్క రాత్రే దాన్ని చంపేస్తుంది. అందుకే ఈ పద్ధతంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఈ వాగుకు అన్నిటికన్నా గడ్డు సమయం ఏది? ఆ సమయంలో చేప ఎక్కడ తలదాచుకుంటుంది?

1. ముందు మ్యాపు, తర్వాత నడక

వాగు దగ్గరికి వెళ్లే ముందే దానికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో మ్యాపులో గీసుకోండి. ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు అయితే మంచిది. వాన పడితే ఏ వీధుల నీరు, ఏ కప్పుల నీరు ఈ వాగులోకి చేరుతుందో గుర్తించండి. సిమెంటు, తారు, కప్పులు కలిసి పరీవాహక ప్రాంతంలో దాదాపు 10 శాతం దాటేసరికే వాగుల్లో జీవం తగ్గడం మొదలవుతుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. నేలలోకి ఇంకాల్సిన నీరు పైపుల్లోంచి ఒక్కసారిగా వాగులో పడుతుంది, వాన ఆగాక ఊట నీరు రాదు. గట్లు కోతకు గురవుతాయి, నీళ్లు వేడెక్కుతాయి, సున్నితమైన జీవులు పోయి మొండివి మిగులుతాయి. ఈ లక్షణాలన్నిటినీ కలిపి పరిశోధకులు అర్బన్ స్ట్రీమ్ సిండ్రోమ్ అంటారు. 2005 నుంచి ఈ పేరు బాగా వాడుకలో ఉంది.

తర్వాత నడవండి. కనీసం మూడు రోజులుగా వాన లేని రోజు చూసుకుని, దిగువ నుంచి ఎగువకు వెళ్లండి. అలా అయితే మీ కాళ్లు కలిపిన బురద మీరు చూడబోయే నీళ్లలోకి రాదు. వాగులో కలిసే ప్రతి పైపునూ ఫొటో తీసి, మ్యాపులో గుర్తు పెట్టండి. వాన లేనప్పుడు వాన నీటి పైపు పొడిగా ఉండాలి. అందులోంచి నీళ్లు కారుతున్నాయంటే ఏదో లైను తప్పుగా కలిసింది, లేదా ఎక్కడో లీకవుతోంది. సబ్బు నురుగు, బూడిద రంగు జిగట, మురుగు వాసన ఉంటే ఇళ్ల మురుగు కలుస్తోందని అనుమానించాలి. నీళ్లు తేటగా వస్తున్నాయని కూడా వదిలేయొద్దు. తాగునీటి లైను పగిలి వచ్చే నీటిలో క్లోరిన్ ఉంటుంది. మనకు భద్రమైన ఆ మోతాదే చేప మొప్పలకు విషం.

డిటర్జెంటు కలుస్తోందేమో తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. తెల్లదనం కోసం ఏ రసాయనమూ కలపని దూదిని జల్లెడ గుడ్డలో కట్టి, పైపు నోటి దగ్గర నాలుగైదు రోజులు వేలాడదీయండి. ఆరబెట్టి చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. బట్టల సబ్బుల్లో తెలుపు కోసం కలిపే పదార్థం దూదికి పట్టుకుని ఉంటే నీలంగా మెరుస్తుంది.

నడక పూర్తయ్యాక పరీక్షకు ఎంత మేర తీసుకోవాలో నిర్ణయించండి. నీళ్లున్న వెడల్పుకు 40 రెట్లు, కనీసం 150 మీటర్లు అన్నది బాగా పనికొచ్చే లెక్క. వాగు 4 మీటర్ల వెడల్పుంటే 160 మీటర్లు. రాళ్ల మీద పలచగా, గలగలమంటూ పారే చోటును ఇక్కడ వడి అంటాను. లోతుగా, నెమ్మదిగా నిలిచే చోటు మడుగు. సహజమైన వాగులో ఒక వడి నుంచి ఇంకో వడికి దూరం సాధారణంగా వాగు వెడల్పుకు 5 నుంచి 7 రెట్లు ఉంటుంది. కాబట్టి మీరు తీసుకున్న మేరలో రెండూ కొన్నిసార్లైనా రావాలి. అనుమానం ఉన్న పైపుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఇంకా ఇదే నేలలో, ఇదే వాలులో కాస్త నయంగా ఉన్న మరో వాగులో ఒకటి చొప్పున మూడు చోట్లు ఎంచుకోండి. పోల్చడానికి ఏమీ లేకపోతే మీ అంకెలకు అర్థం ఉండదు.

2. దిగే ముందు

ఒంటరిగా వెళ్లొద్దు. మోకాలి పైకి వడిగా నీళ్లుంటే దిగొద్దు. నగరపు వాగుల్లో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. గాయాల మీద నీళ్లు పడనివ్వకండి, పొడవాటి బూట్లు, గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. ఒక వాగు నుంచి ఇంకో వాగుకు వెళ్లేటప్పుడు బూట్లు, వల తోమి పూర్తిగా ఆరబెట్టండి. రాకూడని నత్తలు, రోగాలు మన బూట్ల బురదతోనే ప్రయాణిస్తాయి.

మీటర్లను అదే రోజు ఉదయం సరిచేసుకోవాలి. పీహెచ్ అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. పీహెచ్ మీటరును 7 బఫర్‌తో (అంటే పీహెచ్ 7 అని ముందే తెలిసిన ద్రావణంతో), దాంతోపాటు 4 లేదా 10 బఫర్‌తో సరిచూడండి. ఆక్సిజన్ మీటరును తేమ నిండిన గాలిలో సరిచేయండి. దీన్ని బద్ధకించి వదిలేసిన రోజు తెచ్చిన అంకెలను పారేయడమే మంచిది.

3. నీటి పరీక్ష: తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి

కరిగిన ఆక్సిజన్ అన్నిటికన్నా ముఖ్యం. చల్లటి నీటిలో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, వేడి నీటిలో తక్కువ. సముద్ర మట్టానికి దగ్గరి ఎత్తులో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు పూర్తిగా ఆక్సిజన్ పట్టుకుంటే లీటరుకు 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. వేడికి చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, నీటిలో మాత్రం తగ్గుతుంది. 5 కన్నా దిగితే చాలా చేపలు ఇబ్బంది పడతాయి. 2 దగ్గర మొండి జాతులే మిగులుతాయి.

సూర్యుడు రాకముందు అరగంటలో ఒక అంకె, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఇంకో అంకె తీసుకోండి. రెండింటి మధ్య తేడా పెద్దగా ఉందంటే నాచు విపరీతంగా పెరిగిందని, అంటే నీటిలో నత్రజని, భాస్వరం ఎక్కువయ్యాయని అర్థం. నీరు మామూలుగా పట్టుకోగలిగే ఆక్సిజన్‌ను 100 శాతం అనుకుంటే, మధ్యాహ్నం 120 శాతం చూపించిన వాగును చూసి సంతోషపడొద్దు. అది ఆరోగ్యం కాదు, రాత్రి కట్టాల్సిన అప్పు. మడుగులో అయితే పైన ఒకసారి, అడుగున ఒకసారి కొలవండి. పైన 6 ఉండి అడుగున 1 ఉన్న మడుగులో చేపకు సగం ఇల్లు మూసేసినట్టే.

ఉష్ణోగ్రతకు ఒక్కసారి కొలత చాలదు. గంటకు నాలుగుసార్లు తానే రాసుకునే చిన్న లాగర్‌ను, చిల్లులు పెట్టిన పైపు ముక్కలో ఉంచి రాయికి కట్టేయండి. నేరుగా ఎండ తగిలితే అది నీటి వేడిని కాక ఎండ వేడిని కొలుస్తుంది. ఎండాకాలం మొత్తం అక్కడే వదిలేయండి.

అమ్మోనియాను పీహెచ్‌తో కలిపి చదవాలి, విడిగా చదివితే మోసపోతాం. చేపను చంపేది అయాన్‌గా మారని అమ్మోనియా. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి ఇరవయ్యో వంతు అవుతుంది. 9కి మూడో వంతు దాటుతుంది. నాచు దట్టంగా ఉన్న వాగులో మధ్యాహ్నానికి పీహెచ్ బాగా పెరుగుతుంది. పొద్దున్న ప్రమాదం లేదనిపించిన అమ్మోనియా మధ్యాహ్నానికి విషమవుతుంది. అంటే ఆక్సిజన్‌కు గడ్డు సమయం తెల్లవారుజాము, అమ్మోనియాకు మధ్యాహ్నం. రెండుసార్లు వెళ్లమనడానికి ఇది రెండో కారణం.

నీటిలో కరిగిన లవణాల జాడ చెప్పే విద్యుత్ వాహకత నేలను బట్టి మారుతుంది కాబట్టి అంకె మీద తీర్పు చెప్పొద్దు. పైపుకు ఎగువన, దిగువన కొలిచి తేడా చూడండి. పైపు దాటగానే పెరిగితే అందులోంచి ఏదో వస్తోంది. నీటి మసకను అడుగున నలుపు తెలుపు గుర్తున్న పారదర్శక గొట్టంతో కొలవచ్చు. నీళ్లు నింపి, గుర్తు కనబడే వరకు కొద్దికొద్దిగా వదులుతూ ఆ లోతును రాసుకోండి.

4. అడుగు, గట్టు, అడ్డంకి

నీళ్లు ఎంత బాగున్నా ఇల్లు లేకపోతే చేప ఉండదు. గుడ్లు పెట్టడానికి గులకరాళ్లో మొక్కలో, పిల్లలు పెరగడానికి నీళ్లు నెమ్మదిగా పారే పలచని అంచు, పెద్దవి ఉండటానికి మడుగు, వరదలో దాక్కోవడానికి వేర్లు, మొద్దులు, ఒడ్డు కింద తొలిచిన గూళ్లు కావాలి. ఎంచుకున్న మేరలో ఇవన్నీ వెతికి, లెక్కపెట్టి, ప్రతి మడుగు లోతూ కొలిచి రాయండి.

అడుగు పరీక్షకు 1954లో అమెరికా శాస్త్రవేత్త వోల్‌మన్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడతారు. వాగులో అటూ ఇటూ అడ్డంగా నడుస్తూ, అడుగుకొకసారి వంగి, కిందికి చూడకుండా వేలికి మొదట తగిలిన రాయి తీయండి. దాని మధ్య కొలత, అంటే అన్నిటికన్నా పొడుగూ కాదు, అన్నిటికన్నా పలచనా కాదు, ఆ రెండింటి మధ్యది కొలవండి. అలా 100 రాళ్లు. చూసి తీస్తే చెయ్యి తెలియకుండానే పెద్ద రాయి వైపు పోతుంది, అందుకే చూడొద్దన్నది. ఇసుక, ఒండ్రు తగిలితే 2 మిల్లీమీటర్ల లోపు అని రాసుకోండి.

రాయి తీసేటప్పుడు ఇంకోటి గమనించండి. కొన్ని రాళ్లు చెయ్యి వేయగానే వచ్చేస్తాయి. కొన్ని సగం దాకా బురదలో కూరుకుపోయి, పీకితే చప్పుడుతో ఊడి, కింద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో మచ్చ వదులుతాయి. ఆ నలుపు అక్కడ ఆక్సిజన్ లేదని చెబుతోంది. రాళ్ల సందుల్లో పెట్టిన గుడ్లకు నీళ్లు పారుతూ ఉండాలి. సందులు పూడితే గుడ్లు ఊపిరాడక పోతాయి. రాయి చుట్టూ పూడిక పావు వంతు లోపు ఉంటే బాగున్నట్టు, ముప్పావు వంతు దాటితే అడుగు చచ్చినట్టే.

గట్ల విషయంలో మూడు చూడండి: నీడ ఎంత మేర పడుతోంది, మట్టి ఎక్కడ కూలుతోంది, చెట్ల పట్టీ ఎంత వెడల్పుంది. కాంక్రీటు గట్టు ఉన్న చోటును విడిగా రాయండి.

ఇక అడ్డంకులు. రోడ్డు కింద కల్వర్టుల దగ్గరే నగరపు వాగులు ముక్కలవుతాయి. పైపు దిగువ నోటి దగ్గర నీళ్లు పైనుంచి కిందికి పడుతున్నాయా? ఆ ఎత్తెంత? పైపు లోపల నీటి లోతెంత, వేగమెంత? చిన్న చేప కొన్ని క్షణాల పాటు సెకనుకు తన ఒంటి పొడవుకు సుమారు 10 రెట్లు దూసుకుపోగలదు. 5 సెంటీమీటర్ల చేపకు అది సెకనుకు అర మీటరు. 20 మీటర్ల నున్నటి పైపులో నీళ్లు సెకనుకు మీటరు వేగంతో వస్తుంటే ఆ చేపకు అది గోడే. వేగం కొలవడానికి సగం నీళ్లు నింపిన చిన్న సీసాను 10 మీటర్లు తేలనిచ్చి సమయం చూడండి. పైపొర వేగం ఎక్కువ కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి.

5. రాయి తిప్పి చూడండి

నన్నడిగితే మొత్తం పరీక్షలో అన్నిటికన్నా నమ్మదగ్గ సాక్షులు పురుగులే. మీటరు ఆ క్షణం గురించి చెబుతుంది. ఏడాది పొడుగునా రాయి కింద బతికిన పురుగు ఏడాది గురించి చెబుతుంది. మీరు లేనప్పుడు రాత్రిపూట ఎవరైనా పైపులోంచి ఏమైనా వదిలినా అది దాచలేదు.

అర మిల్లీమీటరు కన్నులున్న వలను వడిలో దిగువ వైపు అడుగుకు ఆనించి, ఎగువన నిలబడి మూడు నిమిషాలు కాలితో రాళ్లను కదిలించండి. వలలో పడ్డదాన్ని కొద్దిగా నీళ్లున్న తెల్లటి ట్రేలో బోర్లించి, రెండు నిమిషాలు ఏమీ చేయకుండా చూడండి. మొదట అంతా చెత్తలా కనిపిస్తుంది. తర్వాత చెత్త కదలడం మొదలవుతుంది.

ఒంటి పక్కల ఆకుల్లాంటి మొప్పలు, సాధారణంగా మూడు తోకలు ఉంటే మేఫ్లై పిల్ల. రెండు తోకలు, ప్రతి కాలికీ రెండు గోళ్లు ఉంటే స్టోన్‌ఫ్లై పిల్ల. ఇసుక రేణువులనో ఆకు ముక్కలనో అతికించుకుని గూడు కట్టి, అందులోంచి తల బయటపెట్టి పాకేది కాడిస్‌ఫ్లై పిల్ల. ఈ మూడు గుంపుల్లో చాలావాటికి ఆక్సిజన్ బాగా కావాలి. ఇవి రకరకాలుగా కనిపిస్తే మంచి కబురు. స్టోన్‌ఫ్లైలు చల్లటి నీటిని ఇష్టపడతాయి కాబట్టి వేడి పల్లపు ప్రాంతాల్లో అవి లేకపోవడాన్ని తప్పుగా లెక్కించొద్దు.

దారంలా సన్నగా, ఎర్రగా మెలికలు తిరిగేవి ఒకరకం ఈగల పిల్లలు. వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ తక్కువైనా బతికేస్తాయి. కొన్ని కనిపిస్తే కంగారు లేదు. ట్రే అంతా అవే ఉంటే ఆందోళన పడాల్సిందే. నత్తలను కూడా చూడండి. నోటికి మూత ఉన్న నత్త సాధారణంగా మొప్పతో పీలుస్తుంది, దానికి మంచి నీళ్లు కావాలి. మూత లేని నత్త పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి చెడ్డ నీటిలోనూ ఉంటుంది.

లెక్క వేయడానికి బ్రిటన్‌లో తయారైన బీఎమ్‌డబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పద్ధతిలో ఒక్కో పురుగుల కుటుంబానికి 10 నుంచి 1 దాకా మార్కులుంటాయి. సున్నితమైన వాటికి 10, బురద పురుగులకు 1. మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు ఇంకా నమ్మదగింది. చాలా దేశాలు తమ జీవులకు తగ్గట్టు దీన్ని మార్చుకున్నాయి. మీ ప్రాంతానికి అలాంటి పట్టిక ఉంటే అదే వాడండి.

6. చేపలు

ముందు వల కాదు, ఓపిక కావాలి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని మడుగు పక్కన ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. నీడ నీళ్ల మీద పడకూడదు. ఎన్ని పరిమాణాల చేపలున్నాయి? అన్నీ పెద్దవే అయితే పిల్లలు పుట్టడం లేదు, లేదా పుట్టినవి బతకడం లేదు. అన్నీ చిన్నవే అయితే పెద్దవాటికి లోతైన చోటు లేదేమో చూడాలి.

పట్టి చూడాలంటే చాలా చోట్ల మత్స్యశాఖ అనుమతి కావాలి, అది లేకుండా దిగొద్దు. కరెంటుతో పట్టే పద్ధతి శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి. చిన్న బోను, చేతివల చాలు. చేతులు తడిపి పట్టుకోండి, పొడి చెయ్యి చేప ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది. జాతి, పొడవు, పుండ్లు, కొరికేసిన రెక్కలు, గడ్డలు రాసుకుని వెంటనే వదిలేయండి.

1981లో అమెరికా జీవశాస్త్రవేత్త జేమ్స్ కార్ చేపల ఆధారంగా వాగు ఆరోగ్యాన్ని లెక్కించే సూచికను రూపొందించాడు. అందులో 12 అంశాలు, ఒక్కోదానికి 5, 3, 1 మార్కులు. ఎన్ని స్థానిక జాతులున్నాయి, సున్నితమైనవి ఎన్ని, ఏదైనా తినేసే మొండివి ఎంత శాతం, రోగాలున్నవి ఎన్ని అని అడుగుతుంది. అంటే మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. దోమలను తగ్గించడానికి ప్రపంచమంతా వదిలిన గాంబూసియా చేపలు వందల్లో కదులుతున్న వాగును చూసి చాలామంది మురిసిపోతారు. అవి నీటి పైపొర నుంచి ఆక్సిజన్ తీసుకుంటూ ఎక్కడైనా బతుకుతాయి. అవి తప్ప ఇంకేమీ లేకపోతే ఆ వాగు కష్టంలో ఉంది.

7. వాన రోజు

వాగుకు ఇంకో గడ్డు సమయం ఇదే. పొడి రోజుల తర్వాత పడే మొదటి వాన రోడ్ల మీద పేరుకున్నదంతా ఒక్కసారి కడిగి తెస్తుంది. నీళ్లలోకి దిగకుండా వంతెన మీద నుంచి తాడుకు కట్టిన బకెట్‌తో, వాన మొదలైనప్పటి నుంచి పావుగంటకొకసారి నమూనా తీయండి. ఎండాకాలంలో అయితే ఉష్ణోగ్రత చూడండి, కాలిన రోడ్డు మీద నుంచి వచ్చే నీరు వాగును కొద్ది నిమిషాల్లోనే వేడెక్కిస్తుంది.

రోడ్డు నీరు ఎంత చేటు చేయగలదో అమెరికాలోని సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో తేలింది. గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు వాన తర్వాత గంటల్లోనే చనిపోయేవి. టైర్లు పాడవకుండా కలిపే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుందని, చంపుతున్నది అదేనని 2020 చివర్లో బయటపడింది. పక్కనే ఉన్న చమ్ సాల్మన్ అనే ఇంకో జాతికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు. ఒక జాతి బాగుందని ఇంకోటి కూడా బాగుంటుందని అనుకోవడానికి లేదు.

వరద ఎంత ఎత్తుకు వచ్చిందో తెలియాలంటే రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. చిల్లులున్న పైపులో ఒక కర్ర పెట్టి, అడుగున కార్కు పొడి వేసి నిలబెట్టండి. నీటితో పైకి తేలిన పొడి గరిష్ఠ మట్టం దగ్గర కర్రకు అంటుకుని ఉండిపోతుంది.

8. అన్నీ కలిపి చదవడం

ఆవాసానికి 10 అంశాలు, ఒక్కోదానికి 20 మార్కులు అన్న పద్ధతి అమెరికా పర్యావరణ సంస్థ 1999లో ఇచ్చింది, దాన్ని వాడుకోవచ్చు. కానీ మొత్తం మార్కులు చూసి ఆగొద్దు. తక్కువ మార్కులు ఎక్కడ వచ్చాయో, అవి ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో చూడండి.

అడుగు, గట్లు బాగుండి పురుగులు అధ్వానంగా ఉంటే లోపం నీటిలో ఉంది, పైపుల దగ్గరికి వెళ్లండి. నీళ్లు బాగుండి, అడుగు పూడిపోయి ఉంటే ఎగువన ఎక్కడో గట్టు కూలుతోంది, లేదా తవ్వకాలు జరుగుతున్నాయి. నీళ్లు, అడుగు, పురుగులు అన్నీ బాగుండి చేపలు మాత్రం లేకపోతే దిగువన అడ్డంకి వెతకండి. ఒకే ఒక్క కల్వర్టు వల్ల కిలోమీటర్ల కొద్దీ మంచి వాగు ఖాళీగా ఉండొచ్చు. ఇలాంటి చోట బాగుచేయడం అన్నిటికన్నా తేలిక కాబట్టి దీన్ని ముందు రాయండి.

వచ్చే ఏడాది అదే నెలలో, అదే గంటకు, అదే చోట మళ్లీ చేయండి. ఫొటోలు అదే రాయి మీద నిలబడి తీయండి.

9. చేపలు చచ్చి తేలితే

ఎవరికైనా ఫోన్ చేసేలోపే వాగు సాక్ష్యాన్ని మోసుకుపోతుంది. ముందు శుభ్రమైన సీసాల్లో నీళ్లు పట్టండి. చేపలు తేలుతున్న చోట ఒకటి, ఎగువన అవి కనిపించని చోట ఇంకోటి, మధ్యలో ఏ పైపైనా ఉంటే దాని నోటి దగ్గర మరొకటి. టైము రాసి, మంచులో పెట్టండి. ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే కొలవండి. పెద్ద చేపలే ముందు పోయి, అదీ తెల్లవారుజామున అయితే ఆక్సిజన్ తగ్గిందని మొదటి అనుమానం. చిన్నా పెద్దా తేడా లేకుండా, పురుగులతో సహా, పట్టపగలు పోతే ఏదో విషం కలిసింది. ఒక చేప మొప్పల మూత ఎత్తి చూడండి. ఇంకా ఎర్రగా ఉంటే చనిపోయి ఎక్కువసేపు కాలేదు, కారణం కూడా ఇంకా దగ్గర్లోనే ఉండొచ్చు. పాలిపోయి ఉంటే ఆ చేప ఎగువ నుంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు, అటు నడవండి.